క్లోండైక్ బంగారం: అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్లు ఏమయ్యారు?

సోషల్ టీచర్:
అందరికీ నమస్తే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మొన్న ఎనిమిదో తరగతిలో కెనడా మ్యాపు చూపించి, 1896లో క్లోండైక్‌లో బంగారం దొరికిందని, ఆ వార్త విని లక్షమంది దాకా బయల్దేరారని చెప్పాను. వెనక బెంచీలో ఒక పాప లేచి, "వీళ్లు పోయేసరికి అక్కడ ఎవరూ లేరా టీచర్?" అని అడిగింది. ఉన్నారమ్మా అన్నాను. వాళ్లెవరో, ఏం తిని బతికేవాళ్లో, తర్వాత ఎక్కడికి పోయారో మాత్రం చెప్పలేకపోయాను. నేను చదివినవాటిలో మంచు, కుక్కల బళ్లు, బంగారం మూటలే ఉన్నాయి. ఆ పాపకు సరైన జవాబు చెప్పాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

వైట్‌హార్స్ వాసి:
మేడం, నేను ఆరేళ్లుగా క్లోండైక్ ఉన్న యూకాన్ ప్రాంతంలోనే, వైట్‌హార్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి నుంచి ఆ బంగారం కోసం జనం చేరిన డాసన్ పట్టణం దాదాపు 530 కిలోమీటర్లు. అమ్మానాన్న వచ్చినప్పుడు కారులో తీసుకెళ్లాను. ఊరు దగ్గరపడుతుండగా రోడ్డు పక్కన గులకరాళ్ల గుట్టలు మొదలవుతాయి. వానపాము విడిచిన మట్టిలాగా వంకర్లు తిరిగి, వరసలు వరసలుగా ఉంటాయి. మా నాన్న వ్యవసాయం చేసిన మనిషి. "పైమట్టి కిందికి పోయి అడుగురాయి పైకొచ్చిందేంట్రా" అన్నాడు. నిజంగా జరిగిందదే. జనం హడావిడి మూడేళ్లలో తగ్గిపోయింది గానీ, తర్వాత డ్రెడ్జ్ అనే తేలే యంత్రాలు వచ్చాయి. లోయలను అడుగుదాకా తోడి, కడిగి, రాళ్లను వెనక్కి పోసుకుంటూ 1960ల దాకా తిరిగాయి.

ఆ నేల హాన్ భాష మాట్లాడే ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలది. ట్రోండెక్ అంటే రాతిసుత్తి నీళ్లు అని చెప్తారు. నదిలో గుంజలు పాతి సాల్మన్ చేపలకు అడ్డుకట్ట వేసేవాళ్లు, ఆ గుంజలను దిగ్గొట్టేది రాతిసుత్తితో. తెల్లవాళ్లకు నోరు తిరగక అది క్లోండైక్ అయింది. లోకమంతా బంగారానికి గుర్తుగా చెప్పుకునే పేరు అసలు చేపలవేటది! మీ పాపకు ముందు ఇది చెప్పండి.

క్లోండైక్ నది యూకాన్ నదిలో కలిసేచోటు పేరు ట్రోచెక్. ఎండాకాలం ఎదురీదుతూ వచ్చే సాల్మన్లను అక్కడ పట్టి, కోసి, ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్లు. మనం వడ్లు గాదెలో పోసుకున్నట్టే. బంగారం దొరికిన రెండేళ్లలో ఆ చోటంతా గుడిసెలు నిండిపోయి, దానికి పేన్ల ఊరని పేరు పడింది. నదికి అవతల డాసన్ 30,000 మంది పట్టణమైంది. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తవ్వాలంటే పైన మంటపెట్టి కరిగించాలి. ఇళ్లకు కర్ర, స్టీమర్లకు కర్ర, గనులకు కర్ర. కొండలు బోడిగా మిగిలాయి, మూస్ జింకలు కనబడకుండా పోయాయి. కొత్త జబ్బులూ సారా కూడా వచ్చాయి.

అప్పటి పెద్ద చీఫ్ ఐజాక్. తన జనాన్ని 1897లో ఐదు కిలోమీటర్లు దిగువన ఉన్న మూస్‌హైడ్‌కు తరలించాడు. నా మనసులో నిలిచిపోయింది ఆయన చేసిన ఇంకో పని. ఈ గందరగోళంలో తమ పాటలు, నాట్యాలు నిలవవని గ్రహించి, వాటిని అలాస్కాలోని తమ బంధువులకు అప్పజెప్పాడు. బంగారం కోసం ఊళ్లకు ఊళ్లు తరలివస్తున్నప్పుడు ఆయన ఏది దాచాలనుకున్నాడో చూడండి. 1990ల్లో ఆ పాటలు తిరిగి వాళ్ల దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు రెండేళ్లకోసారి మూస్‌హైడ్‌లో అందరూ కలుస్తారు. వాళ్లు ఎక్కడికీ పోలేదు మేడం. 1998లో కెనడా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని సొంత పాలన తెచ్చుకున్నారు. 2023లో ట్రోండెక్-క్లోండైక్ పేరుతో ఆ ప్రదేశాలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

పలమనేరు అబ్బాయి:
అన్నా, గుట్టల మాట చదవగానే కేజీఎఫ్, అదే కోలార్ బంగారు గనుల ఊరు, కళ్లముందుకొచ్చింది. మా తాత చిత్తూరు జిల్లా నుంచి పోయి చాంపియన్ రీఫ్ గనిలో దిగిన మనిషి. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, తమిళులు, చాలామంది అలాగే పోయారు. 2001లో గనులు మూశారు. సైనైడ్‌తో బంగారం తీసేశాక పారబోసిన మట్టి దిబ్బలు మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి, గాలి తోలితే దుమ్ము ఇళ్లలోకి వస్తుంది.
ఒక సందేహం. మా తాతకు గని అన్నం పెట్టింది, ఆ మాట ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు. అక్కడి ప్రజల్లో కూడా ఎవరికైనా బంగారం వల్ల మేలు జరిగిందా, అందరికీ నష్టమేనా?

వైట్‌హార్స్ వాసి:
తమ్ముడూ, మంచి మాట అడిగావు. కొందరికి డబ్బులొచ్చాయి. సముద్రం నుంచి లోపలికి వచ్చే చిల్కూట్ కనుమ ట్లింగిట్ ప్రజల పాత వర్తకదారి. చేపనూనె మోసుకుపోయి లోపలివాళ్ల దగ్గర తోళ్లు తెచ్చుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు ఏడాది తిండి వెంట ఉంటేనే పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవాళ్లు. సామాన్లతో కలిపి మనిషికి ఒక టన్ను దాకా బరువు. ఒక్కడు మోస్తే అదే కొండ ముప్పై నలభై సార్లు ఎక్కాలి. అందుకని ట్లింగిట్ కూలీలకు మంచి రేటే పలికింది. కానీ అది ఎంతకాలం? కనుమ మీద మోకులతో సామాను లాగే యంత్రాలు, పక్క కనుమలో 1900 నాటికి రైలు వచ్చేశాయి. దారి వాళ్ల చేతిలోంచి జారిపోయింది.

అసలు బంగారం దొరికింది కూడా ఇక్కడి కుటుంబానికే. 1896 ఆగస్టు 16న కుందేలు వాగులో. తర్వాత దాన్నే బొనాంజా అన్నారు. అక్కడున్నది టాగిష్ తెగ మనిషి స్కూకుమ్ జిమ్, జిమ్ మేనల్లుడు చార్లీ, జిమ్ అక్కచెల్లెళ్లలో ఒకరైన కేట్ భర్త జార్జ్ కార్మాక్. ముందు చూసింది జిమ్ అని వాళ్లవాళ్లు చెప్తారు. మొదటి క్లెయిమ్, అంటే అక్కడ తవ్వుకునే హక్కు, మాత్రం కార్మాక్ పేరున రాశారు. ఆయన తెల్లవాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. కొన్నేళ్లకు కార్మాక్ కేట్‌ను వదిలేసి మరో పెళ్లి చేసుకున్నాడు. ఆమె యూకాన్‌లోని కార్‌క్రాస్ అనే ఊరికి తిరిగొచ్చి 1920లో ఫ్లూతో చనిపోయింది. జిమ్ తన డబ్బులో కొంత ఇక్కడి మూలవాసుల కోసం వీలునామాలో రాశాడు. మా వైట్‌హార్స్‌లో ఆయన పేరుతో ఒక సెంటర్ నడుస్తోంది, నేను రోజూ దాని మీదుగానే ఆఫీసుకు వెళ్తాను.

సోషల్ టీచర్:
చాలా థ్యాంక్స్ అండీ. ఇదంతా నోట్సులో రాసుకున్నాను. సోమవారం ఫస్ట్ పీరియడ్ ఆ క్లాసుకే. బోర్డు మీద ముందు రాతిసుత్తి బొమ్మ, నది, చేపలు వేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: పాటలు అప్పజెప్పడం అంటే నేర్పించి వెళ్లడమా? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

వైట్‌హార్స్ వాసి:
అవును మేడం, నేర్పించడమే. పాటతోబాటు నాట్యంలో పట్టుకునే కర్ర కూడా ఇచ్చారు, దాన్ని గన్‌హాక్ అంటారు. అది కూడా బొమ్మ వేయండి.