మొగి గింజల పొడి: ఎలకల పరీక్ష చాలదా?

కపిలతీర్థం_వీధి:
అమ్మకి చాన్నాళ్లుగా షుగర్. మా వీధిలో ఒకాయన మొగి (నేరేడు జాతి కొండచెట్టు) గింజల పొడి అమ్ముతా ఉండాడు. 2001లో ఎస్వీ యూనివర్సిటీ వాళ్లు ఆ గింజల సారం ఇస్తే ఎలకలకి చక్కెర తగ్గిందని చూపిస్తాడు. వాడొచ్చా? మనుషుల మీద పరీక్ష జరిగేదాకా ఆగాలా?

కొండదారి:
ఎందుకు ఆగాలన్నా? మా అవ్వకి యానాది గిరిజనులు దంచిచ్చిన పొడే మందు. షుగర్‌కి వాడే వేగిస చెట్టు చెక్కనీ ఇట్లాగే కొట్టిపారేసినారు. 1998లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఆ చెక్కని కొత్తగా షుగర్ తేలిన 97 మందికిస్తే, 12 వారాల్లో 67 మందికి అదుపులోకి వచ్చింది. ఇంకేం కావాల?

గాజుకుప్పె:
ఆ 97 మందికీ తాము ఏం తింటున్నామో తెలుసు. పక్కన పోల్చే గుంపు లేదు. షుగర్ అని కొత్తగా తెలిసినోళ్లు అన్నం తగ్గిస్తారు, నడక మొదలుపెడతారు. తగ్గింది చెక్కవల్లో, భయంవల్లో ఎట్లా తేలుతుంది?
ఎలకల సంగతి. అలాక్సాన్ అనే రసాయనం ఎక్కించి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపి షుగర్ తెప్పిస్తారు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇన్సులిన్ ఉన్నా ఒంటికి పట్టకపోవడంతో మొదలవుతుంది. పైగా అక్కడ ఇచ్చింది సారం, వీధిలో అమ్మేది పొడి.

పీలేరు_పిల్ల:
షుగర్‌కి వాడే పొడపత్రి ఆకు నమిలితే చక్కెర ఇసుక మాదిరి ఉంటుంది, నిజమే. మా ఇంట్లో షుగర్ మాత్రం తగ్గలా.

కొండదారి:
పొడపత్రి గురించి ఎవరడిగినారు? 67 మందికి తగ్గిందా లేదా? అది చెప్పు.

గాజుకుప్పె:
తగ్గింది. దేనివల్లో తేలలా. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూపించు, అప్పుడు మాట్లాడదాం.

కొండదారి:
మా అవ్వకి ఆ పేరే తెలీదు. పొడి పొట్లం చూపిస్తే డాక్టరు చెత్తబుట్టలో వేసినాడు, ఏంటని కూడా అడగలా. ఆ కోటు వేసుకున్నోళ్లదే చదువా?

గాజుకుప్పె:
మా నాయన ఇట్లాంటి పొడి నమ్మి మాత్రలు మానేసినాడు. కాలికి పుండుపడి రెండు వేళ్లు తీసేసినారు. అమ్మినోడు మళ్లీ కనపడలా. నాకు కోటు మీద ప్రేమ లేదు, వేళ్ల మీద ఉంది.

మదనపల్లి_మామ:
ఇద్దరూ శాంతించండబ్బా. అడిగినాయనకి జవాబు రాలా.

కొండదారి:
నాయన సంగతికి బాధగా ఉంది. అయినా నా మాట వినండి. పరీక్ష అంటే నాకు భయం లేదు, ఆ తర్వాత జరిగేదే భయం. మొగి తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా పెరగదు, అంతరించే జాబితాలో ఉంది. ‘నిరూపితం’ అని ముద్ర పడగానే లారీలొస్తాయి. ఎర్రచందనానికి ఏం జరిగిందో మనం కళ్లారా చూసినాం. గింజలన్నీ ఏరుకుపోతే మొలక యాడ? చూపించిన యానాది ఆడోళ్లకి కూలి తప్ప ఏం మిగులుతుంది?

గాజుకుప్పె:
ఇది మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదే కాదు. 2002 జీవవైవిధ్య చట్టంలో లాభం పంచాలని ఉంది. పరీక్షే లేకుంటే పంచడానికి ఏముంటుంది? ఇప్పుడు ఆ పొడి అమ్మేవాడు యానాదులకి ఏమిస్తున్నాడు?

కొండదారి:
ఏమీ ఇవ్వడు. ఆయన్నీ నేను వెనకేసుకురావడం లేదు.

కపిలతీర్థం_వీధి:
అమ్మ షుగర్‌కి గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకుంటుంది. దాంతోపాటు పొడి ఇస్తే?

గాజుకుప్పె:
ఇవ్వొద్దన్నా. ఆ మాత్ర ఒక్కటే చక్కెరని మరీ కిందికి లాగగలదు. పొడి కూడా నిజంగా పనిచేస్తే రెండూ కలిసి 70 కిందకి దించేయొచ్చు. చెమటలు, వణుకు, మగత వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆస్పత్రికి తీసుకుపో. మాత్ర మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

కొండదారి:
మాత్ర ఆపొద్దు, నేనూ అదే చెప్తా. పరీక్ష విషయంలో ఒప్పుకోలా. ఏరేవాళ్ల పేర్లు ఒప్పందం కాగితంలో రాసేదాకా ఎవరొచ్చినా చెట్టు చూపించను.