అప్‌డేట్: చూపు లేని మా చిన్నాన్న, ఫోను

నీటికాసులతో (గ్లకోమా) చూపు పోయిన మా చిన్నాన్న పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తారు. ఆయన ఎవరి సాయం లేకుండా ఫోను వాడే దారి ఇక్కడ అడిగాను కదా, తెర మీద ఉన్నది పైకి చదివే ఆండ్రాయిడ్ ఫోన్ల సదుపాయం టాక్‌బ్యాక్ నేర్పమని మీరు చెప్పారు. నేర్చేసుకున్నారు! రెండు వాల్యూమ్ మీటలూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, అది మొదలవుతుంది. వేలితో కుడికి తోస్తే తర్వాతి అంశం పలుకుతుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది. ఇప్పుడు తెలుగు గొంతును ఎంత వేగంగా పెట్టుకున్నారంటే, పక్కన ఉన్న నాకు ఒక్క ముక్కా అందదు. బేరాల మెసేజ్‌లు ఆయనే వింటున్నారు. పేరు లేకుండా "బటన్" అని మాత్రమే పలికేవాటికి కొన్ని యాప్‌లలో మనమే పేరు పెట్టవచ్చని చెప్పినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

బ్యాంకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు తనిఖీ) మాత్రం ఏడిపించింది. ముఖం వలయంలో ఉంచి రెప్ప ఆర్పాలట. వలయం ఎక్కడుందో, ఎప్పుడు ఆర్పాలో ఆ యాప్ పలకదు. ఇది అన్యాయం. అందుకే 2016 వికలాంగుల హక్కుల చట్టాన్ని, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్న 2025 ఏప్రిల్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పును ప్రస్తావిస్తూ అర్జీ ఇచ్చాం. శాఖలోనే కేవైసీ పూర్తి చేశారు. యాప్ సంగతి ఇంకా తేలలేదు, వదలం.

బొమ్మలోని అక్షరాలు కొట్టమనే సైట్లలో, వినిపించే ప్రత్యామ్నాయం లేకపోతే మీరు ఏం చేస్తున్నారు?