కొంగ ముక్కు మీద నా పని: జనవరి కాన్ఫరెన్సుకి టాక్ అడగాలా, పోస్టర్ చాలా?

బాహుదా_ఒడ్డు:
మాది ఇచ్ఛాపురం, జువాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడు. మా దగ్గర్లోని తేలుకుంచి ఊళ్లో చెట్ల మీద గూళ్లు పెట్టే నత్తగుల్ల కొంగల మీద పని చేస్తున్నాను. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలిపోతుంది. పిల్లకి ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఫారెస్టు వాళ్ల పర్మిషన్‌తో, గూటి నుంచి పడి చచ్చిపోయిన పిల్లల ముక్కులు కొలిచాను, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే. అమెరికాలో ఏటా జనవరి మొదట్లో జరిగే ఇంటిగ్రేటివ్ అండ్ కంపేరటివ్ బయాలజీ సొసైటీ సమావేశానికి అబ్‌స్ట్రాక్ట్, అంటే పని సారాంశం, పంపుదామని ఉంది. "ఆ సందుతో నత్తని అడకత్తెరలో వక్కలా చిదిపేస్తుంది" అని మొదలుపెట్టాను. మా గైడ్ పోస్టర్ చాలంటున్నారు, నాకేమో టాక్ ఇవ్వాలని ఉంది. అసలు ఆ ఇంటిగ్రేటివ్ అన్న మాట చూస్తేనే టెన్షన్. ఎవరైనా వెళ్లొచ్చారా?

వెర్నియర్:
నేను ఒకసారి వెళ్లాను. పేరు చూసి భయపడకండి, అది పాత అమెరికన్ జువాలజిస్టుల సొసైటీయే, 1996లో పేరు మార్చుకున్నారు. ఒక పక్క చేప ఎలా ఈదుతుందో లెక్కలు కట్టేవాళ్లు, ఇంకో పక్క హార్మోన్ల వాళ్లు, మరో పక్క శిలాజాల వాళ్లు, అందరూ ఒకే కప్పు కింద కాఫీ లైన్లో నిలబడతారు. మీ ముక్కు ఎలా పెరుగుతుంది, దేనికి వాడుతుంది, ఆ వంశంలో ఎప్పుడు వచ్చింది, ఈ మూడూ కలిపి అడిగితే అదే ఇంటిగ్రేటివ్. కొలతలు తక్కువ కాబట్టి పోస్టరే మేలని నా మాట. టాక్ అయిపోగానే జనం పక్క హాలుకి పోతారు, పోస్టర్ దగ్గరైతే నిలబడి గుచ్చి గుచ్చి అడుగుతారు, నాకు పనికొచ్చిన సలహాలన్నీ అక్కడ దొరికినవే. అక్కడ కొన్ని గంటలు పని చేసే విద్యార్థులకి బస ఖర్చులో సాయం చేసే పథకం ఉంది, అప్లై చేయండి. విమానం టికెట్ మాత్రం మనమే చూసుకోవాలి. వీసా స్లాటు ఇప్పటి నుంచే వెతకండి, అది ఆలస్యమైతే పోస్టర్ ఇంట్లో గోడకి అంటించుకోవడమే.
ఇంకోటి, సైబీరియా కొంగలు అని మాత్రం రాయకండి. మన పేపర్లు ఏటా రాస్తాయి గానీ ఇవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు, సైబీరియాతో సంబంధం లేదు.

గట్టు_మీద:
మాది తేలుకుంచే. అడకత్తెర అని ఎవరు చెప్పారమ్మా? ఉభాల టైంలో, అదే వరి నాట్లప్పుడు, మా మడిలో రోజూ చూస్తాను. ముక్కు నీళ్లలోనే ఉంచి నత్తని కిందకి అదిమి పట్టి, తల ఇటూ అటూ ఆడిస్తది. కాసేపటికి మాంసం ముద్ద పైకి తెస్తది, మింగేస్తది. గుల్ల అక్కడే ఉంటది, చిదిగిపోలేదు, పగుళ్లు కూడా ఉండవు చాలా వాటికి. గట్టు పొడుగునా మూతలు ఊడిన గుల్లలు దొరుకుతాయి, మా పిల్లలు ఏరి ఆడుకుంటారు. చిదిపేదైతే ముక్కలుండాలి కదా, ఏటంటారు?
సైబీరియా కాదని ఇప్పుడే తెలిసింది. జూన్‌లో ఇవి వచ్చాయంటే వాన వచ్చేసినట్టే మాకు. రెట్టల కంపు భరించలేం గానీ ఒక్కరూ రాయి విసరరు.

వెర్నియర్:
ఈయన చెప్పిందే నిజం. జూలియన్ హక్స్‌లీ అంతటి పేరున్న బ్రిటిష్ జీవశాస్త్రవేత్తే మ్యూజియం నమూనాలూ పాత రాతలూ చూసి అడకత్తెరలాగే వాడుతుందనుకున్నాడు, ముక్కు అంచుల గరుకుదనం ఆ అరుగుదలే అన్నాడు. తర్వాత పొలాల్లో కూర్చుని చూసినవాళ్లు కాదన్నారు. కింది ముక్కు కొనని గుల్ల మూత పక్క నుంచి లోపలికి పోనిచ్చి, గుల్లకి అంటుకున్న కండని తెంపేస్తుంది. మరి సందు ఎందుకు అన్నది మీ పోస్టర్‌కి అసలైన ప్రశ్న.
గట్టు గారూ, 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి మీ ఊళ్లో కొంగలు చచ్చిపోయాయా? 1898లో అమెరికాలో బంపస్ అనే ఆయన మంచు తుఫానుకి పడిపోయిన 136 పిచ్చుకలని తెచ్చి కొలిచాడు, 72 బతికాయి, 64 చచ్చాయి. ఏవి బతికాయో కొలతల్లో చూపించాడు, ఇప్పటికీ క్లాసుల్లో చెబుతారు. మన దగ్గర తుఫానుకి కొదవ లేదు, కొలిచేవాళ్లే లేరు.

గట్టు_మీద:
చెట్లే కూలిపోయాయి సార్, కొంగలని ఎవరు లెక్కపెట్టారు.

బాహుదా_ఒడ్డు:
అడకత్తెర వాక్యం కొట్టేశాను, పోస్టరే పెడతాను. గట్టు గారూ, ఆదివారం వచ్చి గుల్లలు ఏరుకోవచ్చా? మూత ఊడినవీ, పగిలినవీ విడివిడిగా లెక్కపెట్టాలి.

గట్టు_మీద:
రండమ్మా. పొద్దున్న ఏడు లోపు రండి, తర్వాత దమ్ము ట్రాక్టరు దిగిపోద్ది, గుల్లలన్నీ బురదలోకి పోతాయి. గోనె సంచి మీరే తెచ్చుకోండి.