ఐదు పల్స్‌ల షెడ్యూల్‌కు రోలిప్రామ్ కలిపితే లాభం ఉంటుందా?

సైనాప్స్_ప్రియ: జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూడటానికి ఏప్లీసియా (ఒక సముద్రపు నత్త) సెన్సరీ–మోటార్ న్యూరాన్ల కల్చర్‌లో, అంటే డిష్‌లో పెంచిన నాడీకణాల్లో పని. సెరటోనిన్‌ను (నాడీకణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) 5 నిమిషాల చొప్పున ఐదు పల్స్‌లు, 20 నిమిషాల సమాన విరామాలతో ఇచ్చి, 24 గంటలకు ఈపీఎస్‌పీ (రెండు కణాల మధ్య అతుకు ఎంత బలంగా ఉందో చూపే విద్యుత్ స్పందన) కొలవాలి. విరామాలు మార్చడం మేలా, రోలిప్రామ్ అనే మందు కలపడం మేలా? రెండూ ఒకేసారి చేస్తే ఎక్కడ దెబ్బ తింటాం?

విరామం_ముఖ్యం: మొదట విరామాలు చూడండి. సెరటోనిన్ తగలగానే కణంలోని రెండు ఎంజైమ్‌లు చురుకవుతాయి: పీకేఏ త్వరగా లేస్తుంది, ఈఆర్‌కే మాత్రం తీరిగ్గా వస్తుంది. ఈ రెండూ ఒకేసారి చురుగ్గా ఉన్న సమయం ఎంత ఎక్కువైతే క్రెబ్ (జన్యువులను ఆన్ చేసే ప్రోటీన్) ద్వారా జన్యువుల పని అంత బలంగా మొదలవుతుంది. 2012లో నాడీశాస్త్రవేత్త జాన్ బైర్న్ బృందం ఈ లెక్కను కంప్యూటర్ మోడల్‌లో పెట్టి వేల షెడ్యూళ్లు పరీక్షించింది. గెలిచినది సమాన విరామాలది కాదు: 10, 10, 5, 30 నిమిషాలు. అంటే నాలుగు పల్స్‌లు దగ్గరదగ్గరగా, ఐదోది ఆలస్యంగా. దాని ప్రభావం ఐదు రోజుల తర్వాత కూడా నిలిచింది. సీబీపీ (క్రెబ్‌కు తోడ్పడే ప్రోటీన్) తగ్గించిన కణాల్లో వచ్చిన లోపాన్ని కూడా ఇలా మోడల్‌తో రూపొందించిన షెడ్యూల్ సరిచేసింది. మందు లేకుండానే!

ఆచరణలో చెడేది వాషింగ్ దగ్గర. పాత సెరటోనిన్ పూర్తిగా పోకపోతే 5 నిమిషాల విరామం విరామమే కాదు, పొడవాటి ఒకే పల్స్ అవుతుంది. ముందు రంగునీళ్లతో డిష్ ఖాళీ అవడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. సెరటోనిన్ వెలుతురులో ఆక్సీకరణ చెందుతుంది. ఏ రోజుకారోజు కలిపి, చీకట్లో ఉంచాలి.

పీడీఈ_నాలుగు: రోలిప్రామ్ పీడీఈ4 అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, దాంతో పీకేఏను నడిపే సీఏఎంపీ అనే అణువు త్వరగా కరగదు, పీకేఏ ఎక్కువసేపు నిలుస్తుంది. ఈఆర్‌కే లేకుండా పీకేఏ ఒక్కటే పెరిగితే పెద్ద ఒరిగేదేమీ లేదు. కనీసం నాలుగు గ్రూపులు కావాలి: ద్రావకం మాత్రమే, రోలిప్రామ్ మాత్రమే, సెరటోనిన్ మాత్రమే, రెండూ. డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ఆ ద్రావకం) అన్నింటిలో సమానంగా, 0.1 శాతం దాటకుండా.

ఇంకో చిక్కు సీలింగ్. ఐదు పల్స్‌లే గరిష్ఠానికి తీసుకెళ్తే మందు చేసిన మేలు కనబడదు, మందు పనిచేయలేదని రాసేస్తారు. కాబట్టి బలహీనమైన షెడ్యూల్‌తో మొదలుపెట్టండి. ఒకే పల్స్‌తో నిమిషాల్లో మాయమయ్యే మార్పే వస్తుంది, అది చాలదు, మూడు ప్రయత్నించవచ్చు. శిక్షణ సమయంలో, అంటే పల్స్‌లు ఇచ్చేటప్పుడు, అనిసోమైసిన్ (ప్రోటీన్ల తయారీని ఆపే మందు) ఇచ్చిన గ్రూపు కూడా తప్పనిసరి. 24 గంటల పెరుగుదల దానితో ఆగిపోకపోతే మీరు కొలిచింది దీర్ఘకాలిక స్మృతి కాదు.

సైనాప్స్_ప్రియ: ధన్యవాదాలండీ. ఇదే విద్యార్థులకు వర్తిస్తుందా?

విరామం_ముఖ్యం: నిమిషాల లెక్క వర్తించదు. మనుషుల్లో విరామం పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. 2008లో 1,350 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, 7 రోజుల తర్వాత పరీక్షకు 1 రోజు, 35 రోజులకు 11, 70కి, 350కి 21 రోజుల విరామం మంచి ఫలితమిచ్చింది.

పీడీఈ_నాలుగు: రోలిప్రామ్ సంగతి మాత్రం అడగొద్దు. వికారం, వాంతులే దాన్ని మనుషుల మందు కాకుండా ఆపాయి. డిష్‌లో వాంతి కనబడదు మరి.