పక్కపక్కన లేని జీన్లు కూడా కలిసే ఎలా పాడయ్యాయి?

ఈస్ట్_పిచ్చోడు: ఎమ్మెస్సీ సెమినార్‌కి గాలక్టోజ్ పాత్‌వే తీసుకున్నా, అంటే పాలల్లోని చక్కెర నుంచి వచ్చే గాలక్టోజ్‌ని కణం మెట్టుమెట్టుగా వాడుకునే దారి. దాని జీన్ల పేర్లే గాల్1, గాల్2 వగైరా. బేకరీ ఈస్ట్‌లో గాల్1, గాల్7, గాల్10 రెండో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకేసారి పోయాయంటే సరే. గాల్2, 3, 4, 80 మాత్రం తలో క్రోమోజోమ్ మీద. దీని చుట్టం కుద్రియావ్జెవీ ఈస్ట్ ఉంది కదా, జపాన్‌లో దొరికినవాటిలో ఈ ఏడూ పనిచేయని శిథిలాలే. పోర్చుగల్‌వాటిలో ఏడూ పనిచేస్తున్నాయి. సగం సగం ఎందుకు లేవు?

ల్యాబ్_అక్క: సగం ఉంటే ఏమవుతుందో నేను ప్లేటు మీద చూశా తమ్ముడూ. గాల్7 తీసేసిన స్ట్రెయిన్, గ్లిసరాల్ మీద బాగానే పెరిగేది. గాలక్టోజ్ కూడా కలిపా, అంతే, ఆగిపోయింది. తినడానికి గ్లిసరాల్ ఉంది, అయినా! గాల్1 తయారుచేసే ఎంజైము గాలక్టోజ్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. తర్వాత అందుకోవాల్సిన గాల్7 లేదు. ఆ గాలక్టోజ్-1-ఫాస్ఫేట్ లోపలే పేరుకుని విషమైంది. బద్ధకించి ప్లేటు పారేయలేదు, కొన్నాళ్లకి అక్కడక్కడా కాలనీలు. కంటామినేషన్ అనుకుని తిట్టుకున్నా. తీరా చూస్తే వాటిలో గాల్1 కూడా చెడిపోయింది, అందుకే బతికాయి.

పాలబువ్వ: నాకు సైన్సు రాదు, కానీ ఇది మా ఇంట్లో జరిగిందే. అక్క బాబుకి పుట్టిన వారానికే వాంతులు, కామెర్లు. గాలక్టోసీమియా అన్నారు, ఒంట్లో గాలక్టోజ్ సరిగ్గా అరగని జబ్బు. తల్లిపాలు మాన్పించి సోయా పాలు పట్టారు. మీ గాల్1 లాంటి మొదటి ఎంజైము లేని పిల్లలకి ఎక్కువగా కంట్లో శుక్లాలే వస్తాయట, మావాడికి లేనిది గాల్7 లాంటి రెండోది, అదే ప్రాణాంతకం. ముందుది పోతే నయమేంటని అప్పుడు బుర్రకెక్కలేదు.

సందేహాలరావు: గాల్4 విషమేం చెయ్యదుగా, అదెందుకు పోయింది?

ల్యాబ్_అక్క: దాని పని మిగతావాటిని ఆన్ చేయడమే. ఆన్ చేయడానికేమీ లేనప్పుడు అందులో తప్పులు పడ్డా కణానికి నష్టం లేదు, అలా పేరుకుపోతాయి.

సందేహాలరావు: సరే అండీ, జపాన్‌దీ పోర్చుగల్‌దీ కలిస్తే? పిల్లల్లో కలగాపులగం అవ్వాలిగా.

ల్యాబ్_అక్క: మంచి ప్రశ్న. గాల్80 బ్రేకు, గాలక్టోజ్ లేనప్పుడు మిగతా జీన్లని ఆపి ఉంచుతుంది. బ్రేకు జపాన్‌ది, అంటే చెడింది, మిగతావి పోర్చుగల్‌వి వచ్చాయనుకోండి. గాలక్టోజ్ ఉన్నా లేకపోయినా ఎంజైములు తయారవుతూనే ఉంటాయి. అంత దుబారా చేసేది అడవిలో నెగ్గుతుందని నేననుకోను.

ఈస్ట్_పిచ్చోడు: అక్కా, ఆ ప్లేటు ఫొటో ఉంటే పెట్టవా? మొదటి స్లైడ్ అదే.