వేర్వేరు కంపెనీల కెమెరాలను ఒకే రికార్డర్‌కు కలపవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎనిమిది ఛానెళ్ల ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల వీడియోను నమోదు చేసే రికార్డర్) ఒకటి, అదే కంపెనీవి నాలుగు ఐపీ కెమెరాలు ఉన్నాయి. వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఎన్‌వీఆర్‌లో 2 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. పెరటి వైపు, మెట్ల వైపు కూడా నిఘా అవసరమై వేరొక కంపెనీవి రెండు కెమెరాలు తీసుకున్నాను. పెట్టె మీద ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకు ఉన్న ఉమ్మడి ప్రమాణం) ఉందని రాసి ఉండడం చూసి, తేలికగానే కలిసిపోతాయనుకున్నాను. వాటిలో ఒకటి కలిసింది, బొమ్మ స్పష్టంగా వస్తోంది. కానీ కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేయమని పెడితే ఒక్క క్లిప్ కూడా నమోదు కావడం లేదు. రెండోది అసలు కలవడమే లేదు. దాని సొంత వెబ్ పేజీలో చక్కగా పనిచేస్తున్న యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లనే ఎన్‌వీఆర్‌లో ఇచ్చినా పాస్‌వర్డ్ తప్పని చూపిస్తోంది. ఇవి కాక గుమ్మం దగ్గర బ్యాటరీతో నడిచే వైఫై కెమెరా ఒకటి ఉంది. వీటన్నిటినీ ఒకే తెర మీద చూసుకుంటూ ఒకే చోట భద్రపరచుకోవడం సాధ్యమేనా, లేక అన్నీ ఒకే కంపెనీవి కొనుక్కోక తప్పదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1

నమస్కారమండీ. కలవని కెమెరాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణం చాలామందికి ఎదురయ్యేదే, పైగా అందులో పాస్‌వర్డ్ తప్పు లేకపోవడమే ఎక్కువ.

మొదట చూడవలసింది ఆన్‌విఫ్ యూజర్. కెమెరా వెబ్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ యూజర్, ఆన్‌విఫ్ ద్వారా రికార్డర్ వాడే యూజర్ అన్ని కంపెనీల్లోనూ ఒకటే కాదు. ఉదాహరణకు హైక్‌విజన్ కొత్త ఫర్మ్‌వేర్‌లలో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఆన్‌విఫ్ మొదట ఆపివేసి ఉంటుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లలో ఇంటిగ్రేషన్ ప్రోటోకాల్ అనే పేజీకి వెళ్లి దాన్ని ఆన్ చేసి, అక్కడే ఆన్‌విఫ్ కోసం విడిగా ఒక యూజర్‌ను చేర్చాలి. టాపో కెమెరాలలో అయితే యాప్‌లో కెమెరా అకౌంట్ అనే పేరుతో ఒక ఖాతా తెరవాలి, రికార్డర్‌లో పోర్ట్ కూడా 80 కాకుండా 2020 ఇవ్వాలి. మీ కెమెరాలో ఇలాంటి ఏర్పాటు ఏదైనా ఉందేమో వెతకండి.

అదంతా సరిగానే ఉంటే, కెమెరాలోని గడియారం చూడండి. పాస్‌వర్డ్‌కూ గడియారానికీ సంబంధం ఏమిటని ఆశ్చర్యం కలగవచ్చు. ఆన్‌విఫ్‌లో రికార్డర్ తన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టుగా పంపదు. ఆ క్షణపు సమయాన్ని, ఒకసారి మాత్రమే వాడే ఒక సంఖ్యను పాస్‌వర్డ్‌తో కలిపి, దాని నుంచి తయారైన సంకేతాన్ని పంపుతుంది. దారిలో ఎవరైనా ఆ సంకేతాన్ని పట్టుకుని తరువాత మళ్లీ వాడకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. కెమెరా గడియారం రికార్డర్ గడియారానికి బాగా తేడాగా ఉంటే, వచ్చిన సంకేతం పాతదనో భవిష్యత్తుదనో భావించి కెమెరా దాన్ని తిరస్కరిస్తుంది, రికార్డర్ దాన్ని పాస్‌వర్డ్ తప్పుగా మనకు చూపిస్తుంది. కొత్తగా పెట్టె విప్పిన కెమెరాల్లో తేదీ ఎన్నో ఏళ్లు వెనకబడి ఉండడం మామూలే. అందువల్ల రెండింటిలోనూ ఒకే ఎన్‌టీపీ సర్వర్‌ను (సరైన సమయం అందించే సర్వర్‌ను), ఒకే టైమ్ జోన్‌ను పెట్టి, ఆ తరువాతే మళ్లీ కలిపి చూడండి. పదేపదే తప్పు పాస్‌వర్డ్ వెళ్లినప్పుడు కొన్ని కెమెరాలు కాసేపు ఎవరినీ లోపలికి రానివ్వవు కాబట్టి, ప్రయత్నాల మధ్య కొంత వ్యవధి ఇవ్వడం కూడా మంచిది.

మరో చిక్కు కేబుల్ దగ్గర ఉంటుంది. ఎన్‌వీఆర్ వెనక ఉండే పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే) పోర్టులు సాధారణంగా మీ ఇంటి రౌటర్ నెట్‌వర్క్‌లో ఉండవు, రికార్డర్ తన లోపలే వాటికి వేరే ఐపీ శ్రేణిని కేటాయిస్తుంది. సొంత కంపెనీ కెమెరాను అది తానే గుర్తుపట్టి చిరునామా మార్చుకుంటుంది, ఇతర కంపెనీ కెమెరాకు ఆ వెసులుబాటు దొరకకపోవచ్చు. కొత్త కెమెరాలను రౌటర్‌కు కలిపిన మామూలు పీఓఈ స్విచ్‌కు పెడితే, వాటి వెబ్ పేజీ కూడా మీ కంప్యూటర్‌లో నేరుగా తెరుచుకుంటుంది. స్విచ్ 802.3ఏఎఫ్ లేదా 802.3ఏటీ ప్రమాణానికి చెందినదై ఉండాలి. ఎదుట ఏ పరికరం ఉందో గమనించకుండా కరెంటు పంపే ప్యాసివ్ పీఓఈ పరికరాలను వాడవద్దు.

సమాధానం 2

మొదటి కెమెరాలో కదలిక రికార్డింగ్ ఎందుకు జరగడం లేదో నేను చెబుతాను. వేర్వేరు కంపెనీలవి కలిపేవారు ముందే తెలుసుకోవలసిన అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఆన్‌విఫ్‌ను 2008లో యాక్సిస్, బాష్, సోనీ కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. అది ఒకే ముద్ర కాదు, అందులో కొన్ని ప్రొఫైల్‌లు ఉన్నాయి. ప్రొఫైల్ ఎస్ వీడియో ప్రసారానికి, కెమెరాను అటూ ఇటూ తిప్పే ఆదేశాలకు సంబంధించినది, హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతి అందులో భాగం కాదు. ప్రొఫైల్ టీలో హెచ్.265తో పాటు కదలిక సమాచారం కూడా చేరింది. ప్రొఫైల్ జీ రికార్డింగ్‌కు సంబంధించినది. పెట్టె మీద వట్టి ఆన్‌విఫ్ అని రాసి ఉంటే వీటిలో ఏది ఉందో తెలియదు. ఆన్‌విఫ్ వెబ్‌సైట్‌లో ధ్రువీకరణ పొందిన పరికరాల జాబితా ఉంది, మీ కెమెరా మోడల్‌ను, ఎన్‌వీఆర్ మోడల్‌ను రెండింటినీ అందులో వెతకండి.

కదలికను గుర్తించేది చాలావరకు కెమెరాయే. గుర్తించాక ఆ కబురును రికార్డర్‌కు పంపాలి, రికార్డర్ దాన్ని అర్థం చేసుకోవాలి. ఒకే కంపెనీ పరికరాలు తమ సొంత పద్ధతిలో మాట్లాడుకుంటాయి కనుక ఆ సంగతి మనకు పట్టదు. ఆన్‌విఫ్‌లో అయితే ఒక కెమెరా ఈ కబురును ఒక శీర్షిక కింద పంపుతుంది, మరొకటి ఇంకో శీర్షిక కింద పంపుతుంది. రెండో శీర్షికను మాత్రమే గమనించే రికార్డర్‌కు మొదటి కెమెరా కబురు వచ్చినా రానట్టే. గీత దాటడం, మనిషినీ వాహనాన్నీ వేరుగా గుర్తించడం, ముఖాన్ని పట్టుకోవడం వంటి పైస్థాయి సౌకర్యాలు ఇంకా తక్కువగా అందుతాయి. అవతలి వారితో మాట్లాడే సౌకర్యం కూడా తరచుగా పోతుంది.

ముందు కెమెరా సొంత వెబ్ పేజీలో మోషన్ డిటెక్షన్ నిజంగా ఆన్ అయి ఉందో, గమనించవలసిన ప్రాంతాన్ని గీశారో చూడండి. ఇతర కంపెనీ కెమెరాలో ఎన్‌వీఆర్ నుంచి చేసిన మార్పు చాలాసార్లు అక్కడికి చేరదు. రెండింటి ఫర్మ్‌వేర్‌లనూ తాజాగా ఉంచండి. అప్పటికీ కబురు రాకపోతే ఆ ఛానెల్‌ను రోజంతా రికార్డింగ్‌లో పెట్టేయండి. భద్రత కోసం పెట్టుకున్న కెమెరాకు అదే నమ్మకమైన పద్ధతి.

రోజంతా రికార్డు చేసేటప్పుడు హెచ్.265 ప్లస్, స్మార్ట్ హెచ్.265 వంటి కంపెనీల సొంత కుదింపు పద్ధతులను ఆపి, మామూలు హెచ్.264 లేదా హెచ్.265 పెట్టండి. అవి స్థలాన్ని ఆదా చేసేందుకు పూర్తి చిత్రాల మధ్య ఎడాన్ని బాగా పెంచుతాయి. సొంత రికార్డర్ దాన్ని సర్దుకుంటుంది కానీ, వేరే రికార్డర్‌లో పాత రికార్డింగ్‌ను వెనక్కీ ముందుకీ జరిపేటప్పుడు బొమ్మ బిగుసుకుపోతుంది. ఫ్రేమ్ రేటు 15 అయితే ఐ-ఫ్రేమ్ విరామం 30గా ఉంచితే ప్రతి రెండు సెకన్లకు ఒక పూర్తి చిత్రం వస్తుంది. శబ్దం వినబడకపోతే ఆడియోను జీ.711కు మార్చి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో కెమెరాలో సంవత్సరం 1970గా ఉంది. సమయం సరిచేయగానే అదే పాస్‌వర్డ్‌తో కలిసిపోయింది. మొదటి కెమెరాలో మోషన్ ఆన్‌లోనే ఉంది, అయినా ఎన్‌వీఆర్‌కు ఏ కబురూ రావడం లేదు కాబట్టి రోజంతా రికార్డింగ్ పెట్టాను. అన్నిటినీ అలాగే పెడితే 2 టీబీ డిస్క్ ఎన్ని రోజులకు సరిపోతుంది? బ్యాటరీ కెమెరాకు దారి ఏమైనా ఉందా?

సమాధానం 3

డిస్క్ లెక్క సులభమే. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుంటే రోజుకు 43.2 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 2 టీబీ దాదాపు పదకొండున్నర రోజులు వస్తుంది, ఆరింటికి ఎనిమిది రోజులు కూడా రాదు. మీ కెమెరాల బిట్ రేటు ఎంతో చూసుకుని దాన్నిబట్టి హెచ్చించండి. ఎన్‌వీఆర్ వివరాల పత్రంలో ఇన్‌కమింగ్ బ్యాండ్‌విడ్త్ అని ఒక పరిమితి ఉంటుంది, కెమెరాలన్నిటి బిట్ రేట్ల మొత్తం దానికి లోబడి ఉండాలి. ఛానెళ్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎంత పెద్ద కెమెరానైనా తగిలించవచ్చనుకోకూడదు.

బ్యాటరీ కెమెరాను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి. అది ఎక్కువ సమయం నిద్రలో ఉండి, ఎవరైనా ఎదుటికి వచ్చినప్పుడే మేలుకుంటుంది. రికార్డర్ కోరినట్టు ఎడతెగకుండా ప్రసారం చేస్తే బ్యాటరీ నిలవదు. అందుకే ఈ తరహా కెమెరాల్లో చాలావాటికి ఆన్‌విఫ్ గానీ ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్‌లో వీడియో ప్రసారం చేసే పద్ధతి) గానీ ఉండవు. గుమ్మం చాలా ముఖ్యమైన చోటు కనుక అక్కడికి కేబుల్ లాగి పీఓఈ కెమెరా పెట్టుకోవడమే మేలని గట్టిగా చెబుతాను. బ్యాటరీ దాన్ని కేబుల్ అందని మరో మూలకు మార్చుకోవచ్చు.

భవిష్యత్తులో ఇంకా కెమెరాలు చేర్చే ఆలోచన ఉంటే, ఎన్‌వీఆర్‌కు బదులు కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించండి. ఫ్రిగేట్, జోన్‌మైండర్ ఓపెన్ సోర్స్‌వి, బ్లూ ఐరిస్ విండోస్‌లో నడుస్తుంది. ఫ్రిగేట్ ఆర్‌టీఎస్‌పీ ప్రసారాన్ని తీసుకుని మనిషిని, వాహనాన్ని గుర్తించే పని తానే చేస్తుంది కాబట్టి కెమెరా ఏ కంపెనీదైనా కబుర్లు అందని సమస్య రాదు. ప్రసారం చిరునామా మాత్రం కంపెనీని బట్టి మారుతుంది: హైక్‌విజన్‌లో చివర 101 ఉంటే మొదటి ఛానెల్ ప్రధాన ప్రసారం, 102 ఉంటే ఉప ప్రసారం, దహువాలో సబ్‌టైప్ 0 ప్రధానం, 1 ఉప ప్రసారం. ఆ చిరునామాను ముందుగా కంప్యూటర్‌లోని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి చూస్తే, లోపం కెమెరాలో ఉందో రికార్డర్‌లో ఉందో వెంటనే తేలిపోతుంది. ఇల్లంతటికీ ఆధారమైన పరికరాన్ని ఎంచుకునేటప్పుడు కెమెరాల కంటే ముందు రికార్డర్ ఎంతమందితో కలవగలదో చూడాలి, ఎందుకంటే కెమెరాను ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు, రికార్డర్‌ను మారిస్తే అన్నీ మళ్లీ అమర్చాలి.

సమాధానం 4

పైవారు చెప్పినవాటికి భద్రత విషయం ఒకటి చేర్చాలి. కంపెనీలు పెరిగేకొద్దీ ఫోన్‌లో యాప్‌లు, క్లౌడ్ ఖాతాలు పెరుగుతాయి, వాటిలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి ప్రమాదమే. 2016లో మిరాయి అనే హానికర ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పెద్ద సంఖ్యలో స్వాధీనం చేసుకుని ఇతరుల మీద దాడులకు వాడుకుంది. కాబట్టి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా పరికరానికి దారి తెరవడం) పెట్టవద్దు. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (రహస్య సంకేతాలతో రక్షించిన దారి) ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి రండి. ఇతర కంపెనీ కెమెరాలు రికార్డర్‌తో మాట్లాడితే చాలు కాబట్టి, రౌటర్‌లో వాటికి ఇంటర్నెట్ దారి మూసేయవచ్చు. అలా మూసినప్పుడు బయటి ఎన్‌టీపీ సర్వర్ వాటికి అందదు, కనుక రౌటర్‌లోనో రికార్డర్‌లోనో ఎన్‌టీపీ సౌకర్యం ఉంటే ఆ చిరునామాను కెమెరాల్లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు సమయం చెరిగిపోయి, ఆ కెమెరా రికార్డర్ నుంచి విడిపోయే అవకాశం ఉంది.