బుడ్డల పొట్టుతో పిల్లల బొమ్మలు: నెర్రెలు, బూజు ఆపేదెట్లా?

అనంత_బొమ్మలు:
అనంతపురం దగ్గర మహిళా సంఘం తరఫున అడుగుతున్నాం. బుడ్డలు (వేరుశనగ కాయలు) వలిచే మిషన్ల దగ్గర పొట్టు దండిగా దొరుకుతుంది. దాన్ని పిండి పట్టించి, మైదా గంజితో కలిపి, అచ్చుల్లో ఒత్తి ఏనుగు, ఎద్దు, చక్రాల బండి చేస్తున్నాం. పొట్టు పిండి కిలో, మైదా పావు కిలో, నీళ్లు లీటరున్నర. బొమ్మ మందం రెండంగుళాలు. ఎండకు పెడితే రెండో రోజుకే కడుపు దగ్గర నెర్రెలు ఇస్తుంది, నీడలో పెడితే నాలుగో రోజుకు బూజు. గంజిలో మైలుతుత్తం కలిపితే బూజు రాదంటున్నారు, కలపొచ్చా? రంగు ఏది వేయాలి? ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల కోసం.

చింతపిక్క:
మైలుతుత్తం వద్దే వద్దు అక్కా. అట్టల బైండింగు జిగురులో కలుపుతారు నిజమే, కానీ అది విషం. మీ బొమ్మ పిల్లల నోట్లోకి పోయేది.

అసలు పొట్టునే మానుకోండి. వాన ముఖం చాటేసిన ఏడాది, కాయ ముదిరే వేళ భూమి ఎండిపోతే బుడ్డలకు ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. మన జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. పొట్టులో విరిగిన పప్పు తునకలు, పైపొర ఎట్లాగూ ఉంటాయి. బుడ్డలు పడని పిల్లలకు ఆ కాస్త చాలు ఒళ్లంతా దద్దుర్లు లేవడానికి. జల్లెడ పడితే పోయేది కాదు.

దాని బదులు మక్కు చేయండి. కొండపల్లి బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికేది దీంతోనే: చింతగింజల పిండి, రంపపు పొట్టు. హిందూపురం చింతపండు మార్కెట్ మీకు దగ్గరే, గింజలకు కొదవ లేదు. గింజలు వేయించి, పైతొక్క తీసి, మెత్తగా విసరాలి. 100 గ్రాముల పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకుని, మొత్తం లీటరు నీళ్లతో సన్న సెగ మీద అరగంట తిప్పుతూ ఉడకబెట్టండి. చల్లారాక, బాగా ఎండబెట్టి జల్లించిన రంపపు పొట్టు 300 గ్రాములతో మొదలుపెట్టి, చపాతీ పిండంత గట్టిపడేదాకా చేర్చుకుంటూ పోండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొట్టు మాత్రం తీసుకోవద్దు, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది.

నెర్రెలకు కారణం మీ మందం. పైపొర ముందు ఎండి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే. లోపలిది ముడుచుకోదు కాబట్టి పైది చిట్లుతుంది. రెండంగుళాల ముద్ద కాకుండా, లోపల కట్టె దిమ్మె పెట్టి దాని మీద 6 నుంచి 8 మిల్లీమీటర్ల మక్కు పొర వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలికి తేమే ఉండదు కాబట్టి మొదటి రోజంతా తడి గుడ్డ కప్పి నీడలో ఉంచండి. రెండో రోజు గుడ్డ తీసేసి గాలి ఆడే చోట, మూడో రోజు నుంచి ఎండకు. రోజూ తూకం వేయండి. వరసగా రెండు రోజులు తూకం మారకపోతేనే ఎండినట్టు. అంతకు ముందే రంగు వేస్తే లోపలి తడి బయటికి పోలేక బూజు తప్పదు.

లక్కపిడత:
మక్కు మంచిదే కానీ ఏడాది పిల్లకు పనికిరాదు. చింతగింజల జిగురు నీళ్లకు మెత్తబడుతుంది. చీకితే పైపొర ఊడి ముక్కలు నోట్లోకి వస్తాయి. నాలుగేళ్ల పైబడిన వాళ్లకు మక్కు పెట్టుకోండి, చిన్నోళ్లకు కట్టె, లేదా గుడ్డ.

కట్టె అంటే మనకు వేప. అంకుడు కర్ర లేత్ మీద మెత్తగా తెగుతుంది, ఏటికొప్పాక లక్క బొమ్మల వాళ్లు వాడేది అదే. కానీ అడవి కర్ర అంటే అనుమతుల తలనొప్పి. వేప దుంగను నిలువుగా చీల్చి, నడిమధ్య గుండె భాగం తీసేయండి, పగులు మొదలయ్యేది అక్కడే. చివర్లకు మైనం పూసి నీడలో ఆరబెట్టండి, లేకపోతే చివర్లు ముందు ఎండి చీలుతాయి. కోస్తా నుంచి తెచ్చిన కర్ర అక్కడ ఆరినట్టు కనపడినా మన ఎండాకాలానికి మళ్లీ ముడుచుకుంటుంది. తెచ్చి నెలన్నా ఇక్కడి గాలికి వదిలి, అప్పుడు లేత్ ఎక్కించండి.

రంగుకు లక్కను మించింది లేదు. లక్కను వేడి చేసి, రంగు కలిపి కడ్డీలు చేసి, తిరుగుతున్న కట్టెకు ఒత్తిపెడితే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. పసుపు, నీలిమందు, ఎరుపు నారింజకు జాఫ్రా గింజలు. పచ్చ కావాలంటే పసుపు, నీలిమందు కలుపుతారు. పసుపు ఎండకు వెలుస్తుంది కాబట్టి అంగడి అద్దాల్లో ఉంచిన పచ్చ చిలుక కొన్నాళ్లకు నీలం చిలుక అవుతుంది. ఈ మాట కొనేవాళ్లకు ముందే చెప్పండి. బజారులో పొట్లాల్లో అమ్మే మెరిసే పసుపు రంగు పొడి జోలికి పోవద్దు, సీసం క్రోమేట్ అయ్యే వీలుంది.

ఏటికొప్పాక పేరుకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. మీ లక్క బొమ్మలను ఆ పేరుతో అమ్మకండి.

అనంత_బొమ్మలు:
చక్రాల బండికి కొలతలు చెప్తారా? బొమ్మ బరువు రావాలని లోపల మంగంపేట ముగ్గురాయి పొడి నింపొచ్చా? తెల్లగా, చవకగా ఉంది.

కొలతబద్ద:
ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీటిలో కరగదు గానీ, బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగం కింద పరీక్షించే ఎనిమిది మూలకాల్లో బేరియం ఒకటి. కిలోకు 1000 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ బయటికి రాకూడదు. సీసానికైతే ఆ హద్దు 90. గని పొడిలో ఇంకేం కలిసిందో చూసి చెప్పలేం. బరువుకు వేప దిమ్మె చాలు.

చక్రం: మూడేళ్ల లోపు పిల్లలకు ఏ విడి భాగమూ 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గొట్టంలో పూర్తిగా ఇమడకూడదు. లోతు ఒక వైపు 25.4, ఇంకో వైపు 57.1, అడుగు ఏటవాలుగా ఉంటుంది. పీవీసీ పైపు ముక్కతో మీరే చేసుకోవచ్చు. చక్రం 45 మిల్లీమీటర్లకు తక్కువ చేయకండి, ఊడినా గొంతులోకి పోదు. ఇరుసుకు వెదురు, 8 మిల్లీమీటర్లు. బండి అడుగున రంధ్రం 9 వేయండి, వానాకాలం కర్ర ఉబ్బినా తిరుగుతుంది. చక్రాన్ని ఇరుసుకే బిగించి, ఇరుసు బండిలో తిరిగేలా చేస్తే పదిలం. చక్రం ఇరుసు మీద వదులుగా తిరిగితే దాన్ని చివర ఆపేది చిన్న చీలే, ముందు ఊడేదీ అదే. లాగే తాడు 22 సెంటీమీటర్లు మించనివ్వకండి, మెడకు చుట్టుకుంటుంది. పొడుగు తాడు పెద్ద పిల్లల బండికి.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది. సంఘం పేరుతో కాదు, చేసే మనిషి పేరుతో ఆ నమోదు కార్డు తీయించుకోండి.

లక్కపిడత:
గుడ్డ బొమ్మలు కూడా చేస్తే, కోర గుడ్డను కుట్టకముందే ఒకసారి ఉతకండి, లేదంటే తర్వాత ముడుచుకుని కుట్లు లాగుతాయి. కళ్లకు గుండీలు, పూసలు వద్దు, దారంతో కుట్టండి. ధర్మవరం పట్టు తునకలు చవకగా వస్తాయి, జరీ అంచు కత్తిరించి పారేయండి, ఆ తీగ పోగులు ఊడొస్తాయి. లోపల బూరుగు దూది తేలిక, కానీ ఉతికితే ముద్దయిపోతుంది. టైలరు దగ్గరి నూలు తునకలు సన్నగా కత్తిరించి నింపితే ఉతుకుళ్లు తట్టుకుంటుంది.

ఇంకోటి, లక్క బొమ్మ పెట్టె మీద రాయండి: శానిటైజర్‌తో తుడవొద్దు. స్పిరిట్‌కు లక్క కరిగి రంగంతా చేతికి వస్తుంది. సబ్బు నీళ్లలో నానబెట్టినా తెల్లబారుతుంది. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డ.